నలభై మూడు గులాబీ పరుపులు

ఫిబ్రవరి 3

మా పిడుగుకి,

నీ కూతురికి మూడో నెల వచ్చిందట. మీ నాన్న ఫోనులో చెప్పాడు. నాకు తమ్ముడై పుట్టినందుకు ఆ మాత్రం పనికొచ్చాడు. "నువ్వే దానికి ఫోను చెయ్యొచ్చుగా అక్కా" అని సలహా కూడా ఇచ్చాడు. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే రెండో నిమిషానికి ఎవరో ఒకరం అలిగి పెట్టేస్తామని వాడికేం తెలుసు? ఉత్తరమైతే నేను చెప్పేదంతా అయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని వినాలి.

దీంతోపాటు వచ్చిన పార్సిలు నీ కూతురి ఉయ్యాల పరుపు. నా చేత్తో కోసి, నా చేత్తో కుట్టాను. ఆడపిల్ల కదా అని గులాబీ రంగుది పంపాననుకోకు. అది మా ఫ్యాక్టరీ రంగు. మంట మందు కలిపిన ఫోము దిమ్మెలు మామూలు వాటిలో కలిసిపోకుండా మిక్సింగు గదిలో చిటికెడు గులాబీ రంగు వేస్తారు. మందు అంటే చిక్కటి నూనెలాంటిది, డ్రమ్ముల్లో వస్తుంది. అది కలిపిన ఫోముకి అగ్గిపుల్ల పెడితే నల్లబడి ముడుచుకుంటుందే గాని అంటుకోదు. సినిమా హాళ్ల కుర్చీలకీ, బస్సు సీట్లకీ వెళ్లేది అదే. అయినా మంట పరీక్షల ల్యాబులో ఉద్యోగం చేసేదానికి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే.

దిమ్మెలు కోశాక మిగిలే ముక్కలు మా కోత హాలు ఆడవాళ్లవి. ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆ ముక్కలతో నేనొక పరుపు కుట్టిస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే ఆనవాయితీ. బిడ్డ పెద్దదైతే పరుపు దాని తమ్ముడికో చెల్లికో పోతుంది, తర్వాత తలగడవుతుంది, కుర్చీ మెత్తవుతుంది. ఒక్కటీ ఎవరూ పారేయలేదు. నీ కూతురిది నలభై నాలుగోది.

ఎందుకు మొదలుపెట్టానో నీకు తెలుసు, అయినా చెప్తాను. ఆ ఏడాది మామూలు ఫోము ఉన్న గోదాములో మంటలు లేచినప్పుడు పొడుగు జడ అని మేం పిలుచుకునే ఆవిడ లోపలే ఉండిపోయింది. నా పక్క బల్ల మీద పనిచేసిన మనిషి. నవ్వితే హాలంతా వినపడేది. విచారణ చేసి 'ప్రమాదవశాత్తు' అని ఒక్క మాట రాసి కాగితం మూసేశారు. నాకు తెలిసిన ఏ బిడ్డా అంటుకునే ఫోము మీద పడుకోకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అప్పుడు ఆరేళ్లదైన జడ కూతురు ఇప్పుడు మా దగ్గరే కుట్టు మిషను మీద ఉంది. దాని బిడ్డకిచ్చిందే నలభై మూడోది.

పాపని పరుపు మీద పడుకోబెట్టి ఫోటో తీసి పంపు. ముక్కు ఎవరిదో చూడాలి. మనదైతే పాపం ఆ పిల్ల.

నీ మేనత్త

---

ఫిబ్రవరి 14

అత్తకు,

పరుపు అందింది. తిరిగి పంపుతున్నాను. ల్యాబులో పరీక్ష కోసం ఒక మూల కోశాను. పాపని దాని మీద పడుకోబెట్టలేదు, పడుకోబెట్టను.

ఆ నూనె క్లోరిను కలిసిన ఫాస్ఫేటు రసాయనం. దాన్ని ఫోములో కలుపుతారే గాని అది ఫోముకి అతుక్కుని ఉండదు. కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. వచ్చి దుమ్ములో చేరుతుంది. దుమ్ము నుంచి చేతులకు, చేతుల నుంచి నోటికి. ఈ వయసు పిల్లలు పగలంతా చేతులు నోట్లోనే పెట్టుకుంటారు. ఇకపై ఇటువంటి పరుపులు ఎవరికీ ఇవ్వవద్దు. కోత హాలులో భోజనం చేయవద్దు. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోగలరు.

పాప బాగుంది. మిగతా తర్వాత రాస్తాను.

మేనకోడలు

---

ఫిబ్రవరి 21

గౌరవనీయులైన ల్యాబు మేడం గారికి,

తమరి ఆఫీసు ఉత్తరం అందింది. కడుక్కోగలరు! నీ ముక్కు తుడిచి, నీ జడ వేసి, నువ్వు బడిలో కొట్టొచ్చిన పిల్లల తల్లులకి సర్దిచెప్పినదాన్ని నేను. నాకు చేతులు కడుక్కోవడం నేర్పుతున్నావా?

ఇరవై రెండేళ్లుగా ఆ కత్తి దగ్గర నిలబడి ఆ దుమ్మే పీలుస్తున్నాను. గుండ్రాయిలా ఉన్నాను. సాయంత్రం అయ్యేసరికి మా అందరి కనుబొమలూ గులాబీ రంగే. ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటాం. ఏమైంది మాకు?

నిజం చెప్పు. మీ అత్తగారు ముక్కు విరిచిందా? ఫ్యాక్టరీ ముక్కలు కుట్టి పంపిన పరుపు మా మనవరాలికెందుకు అందా? అంటే అన్నదని చెప్పు, పడతాను. అంతేగాని రసాయనం పేరు చెప్పి నా చేతి కుట్టు వెనక్కి పంపకు. పైగా మూల కోశావు. తెచ్చిన వంటకం నచ్చకపోతే వద్దంటారు. కొరికి చూసి పొట్లం కట్టి పంపరు.

ఇంకో మాట. అంటుకునేది మంచిదా, అంటుకోనిది మంచిదా? జడని బయటికి తెచ్చినప్పుడు నువ్వు చూడలేదు. నేను చూశాను. ముఖం గుర్తుపట్టలేక చేతి గాజు చూసి చెప్పాను, ఇది మా జడేనని. ఆ గాజు చూసిన కళ్లతో కుట్టిన పరుపులవి.

ఇక్కడ నలభై మూడు మంది తల్లులు నన్ను చూస్తే చేతులెత్తి దణ్ణం పెడతారు. నువ్వు రాసిందే నిజమైతే ఇన్నాళ్లూ నేను ఏం చేసినట్టు? ముందు దానికి జవాబు రాయి.

నీ మేనత్త (ఇంకా)

---

మార్చి 1

అలిగిన అత్తకు,

మా అత్తగారిని ఇందులోకి లాగకు. ఆవిడ నీ పరుపు చూసి మురిసిపోయింది. కుట్టు చూడు ఎంత దగ్గరగా ఉందో అని పక్కింటావిడకి చూపించింది. వెనక్కి పంపుతానంటే నన్నే తిట్టింది. కాబట్టి ప్రస్తుతానికి నాకు రెండు వైపులా అత్తలే.

అలా పొడిగా రాసినందుకు, చెప్పకుండా కోసినందుకు తప్పు నాదే. కానీ కోసిన మూలలో ఆ మందు దండిగా ఉంది. నాకు తెలిసినంతవరకు చెప్తాను, తెలియనిది తెలియదనే చెప్తాను. ఎలుకలకు రెండేళ్లపాటు ఎక్కువ మోతాదులో పెడితే కాలేయంలో, మూత్రపిండాల్లో గడ్డలు లేచాయి. మనుషులకు కూడా అంతేనని ఎవరూ తేల్చలేదు. కాదని కూడా తేల్చలేదు. కొన్నిచోట్ల దీన్ని క్యాన్సరు తెచ్చే వాటి జాబితాలో పెట్టారు. ఎప్పుడో యాభై ఏళ్ల కిందటే పిల్లల రాత్రి బట్టల్లో ఇది వద్దని తీసేశారు. బట్టల్లోంచి పోయి మెత్తల్లోకి, సోఫాల్లోకి వచ్చి కూర్చుంది. వాడేవాళ్ల మూత్రంలో దీని ఆనవాళ్లు కనిపిస్తాయి. తరచూ చేతులు కడుక్కుంటే తగ్గుతాయి. అందుకే ఆ మాట రాశాను, నీ మీద పెత్తనానికి కాదు.

నిప్పుని నేను తేలిగ్గా తీసుకోను. రోజూ దానితోనే నా సంసారం. సినిమా హాలులో వంద మంది మధ్య ఎవడో సిగరెట్టు పడేస్తాడు, అక్కడ ఈ మందు కొన్ని నిమిషాలు ఆలస్యం చేస్తుంది, ఆ నిమిషాల్లో జనం బయటపడొచ్చు. ఉయ్యాలలో సిగరెట్టు ఎవరు పడేస్తారత్తా? మంట భయం అంతగా ఉంటే దట్టమైన ఉన్ని గుడ్డ తొడుగు వేసి చూడు. ఉన్ని నల్లబడుతుంది గాని తొందరగా మండదు.

ఏం చేసినట్టు అని అడిగావు. తెలియక చేశావు. తెలిశాక కూడా కుడితే అప్పుడు మాట్లాడుకుందాం. పాత పరుపులు ఎవరి దగ్గరున్నా వెనక్కి తీసుకో. కాల్చకండి, ఆ పొగ ఇంకా చెడ్డది.

పాప ముక్కు మనదే. ఫోటో పెట్టాను. మామూలు దుప్పటి మీద.

నీ పిడుగు

---

మార్చి 17

సంతకాల కోడలికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మర్నాడు పెరట్లో మామూలు ఫోముకి పాత ఉన్ని కోటు ముక్క తొడిగి అగ్గిపుల్ల పెట్టాను. నువ్వు చెప్పినట్టే నల్లబడి ఆరిపోయింది. ఇంక నాకు దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది.

భోజనాల వేళ కోత బల్ల ఎక్కాను. "ఇన్నాళ్లూ మీ పిల్లల కింద ఈ మందు పరిచింది నేనే. తెలియక పరిచాను. ఇప్పుడు తెలిసింది. ఎవరి పరుపు వాళ్లు తెచ్చి ఇచ్చేయండి, ఉన్ని తొడుగుతో కొత్తవి కుట్టిస్తాను" అన్నాను. మర్నాడు నాలుగు పరుపులు వచ్చాయి. ఫరవాలేదు, మొదలైంది కదా అనుకున్నాను.

మూడో రోజు ఓనరు వచ్చాడు. మా వాళ్లు నవ్వులాయన అంటారే, ఆయనే. జీతం కోసినా నవ్వుతూనే కోస్తాడు. చేతిలో ల్యాబు సర్టిఫికెట్టు. "మన గులాబీ ఫోము పరీక్షలో పాసైందమ్మా. పాసు చేసిందెవరో ఎవరైనా చదవండి" అన్నాడు. జడ కూతురు అందుకుని చదివింది. నీ పేరు. నీ సంతకం. నమ్మలేక నేనూ లాక్కుని చూశాను. ఆ చివరి అక్షరానికి తోక తిప్పడం నేర్పింది నేనే, నాకు తెలియదా?

హాలంతా నవ్వులు. "మీ కోడలే పాసు చేసిందిగా పెద్దమ్మా, ఇంకా ఏంటి నీ గోల?" అని ఎవరో అన్నారు. ఇచ్చిన నలుగురూ సాయంత్రం వాళ్ల పరుపులు వాళ్లు పట్టుకుపోయారు. జడ కూతురు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, "మా అమ్మ కాలిపోయింది. నా బిడ్డకి మంట అంటని పరుపు నువ్వే ఇచ్చి, ఇప్పుడు నువ్వే లాక్కుంటావా?" అంది. ఆ పూట దిమ్మె కోస్తే వంకర వచ్చింది. నాకు!

నాతో ఒక మాట, ఓనరుతో ఒక మాట చెప్పావు. ఇంట్లో విషం అన్నావు, ఆఫీసులో పాసు అన్నావు. పాపని మామూలు దుప్పటి మీద పడుకోబెట్టి మా పిల్లల్ని గులాబీ పరుపు మీదికి తోశావు.

ఓనరు నాకొక కాగితం కూడా ఇచ్చాడు. పరుపులు నా సొంతానికి, కంపెనీకి తెలియకుండా నేనే కుట్టి పంచానని అందులో రాసి ఉంది. నెలాఖరులోగా సంతకం పెట్టాలట. లేదంటే కోత హాలులో అడుగు పెట్టక్కర్లేదట.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొయ్యి తవ్వింది మా ఇంటి పిల్ల.

ఏమని సంతకం చెయ్యాలో తెలియని
మేనత్త

---

మార్చి 22

అత్తా,

అవును, సంతకం నాదే.

మా ఫారంలో ఉండేది ఒకే ఒక్క ప్రశ్న. నమూనాకి పన్నెండు సెకన్లు మంట చూపించి తీసేశాక అది ఆరుతుందా, లేదా? ఆరింది. పాసు అని రాశాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆరడానికి అందులో ఏం కలిపారో, అది ఎవరి చేతికంటుతుందో చదవాలని నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా నాకు తోచలేదు. నీ పార్సిలు విప్పి ఆ రంగు చూడగానే గుర్తుపట్టాను, నేను పాసు చేసిన సరుకేనని. అప్పుడు కూర్చుని చదివాను. నీకు ఆ మొదటి ఉత్తరం సిగ్గుతో రాశాను, అందుకే ఆఫీసు భాష వచ్చింది. రెండో ఉత్తరంలోనైనా చెప్పాల్సింది. నువ్వు తిడతావని కాదు, నువ్వు మెచ్చుకోవడం మానేస్తావని భయపడ్డాను.

మా సారు దగ్గరికి వెళ్లాను. "మనం మంటకే పాసిస్తాం తల్లీ, మిగతావి మన పని కాదు" అన్నారు. "ఆ మాటే కాగితం మీద రాసివ్వండి సార్" అన్నాను. ఇవ్వనన్నారు. "అయితే నేను రాస్తాను" అన్నాను. "రాస్తే ఇక్కడ ఉండవు" అన్నారు. రాశాను. ప్రస్తుతానికి నన్ను నమూనాల గదిలో చీటీలు అంటించే పనికి మార్చారు. ముందు ముందు ఏం చేస్తారో చూద్దాం. మీ తమ్ముడికి చెప్పకు, బీపీ పెంచుకుంటాడు.

నేను రాసింది ఇది:

"ఈ ఫోము తొందరగా మండదు అని మాత్రమే నేను సంతకం చేశాను. పసిపిల్లలు దీని మీద పడుకోవచ్చని నేను చెప్పలేదు. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే నా జవాబు: పడుకోబెట్టకండి. దీన్ని కోసేవాళ్లకు దుమ్ము లాగే యంత్రం, చేతులు కడుక్కోవడానికి సరిపడా కుళాయిలు, తినడానికి వేరే గది కావాలి. నా కూతురిని నేను దీని మీద పడుకోబెట్టలేదు."

కింద తోకతో సహా సంతకం ఉంది. గోడకి అంటించు. చించితే మళ్లీ రాస్తాను.

నీ పిడుగు

---

ఏప్రిల్ 9

మా పిడుగుకి,

నిన్ను గొయ్యి తవ్విన పిల్ల అన్నాను కదూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా తిట్లు ఉంచుకో, ఎప్పుడైనా పనికొస్తాయి.

నీ కాగితం అంటించిన గంటకి ఓనరు చించాడు. "ల్యాబు ముద్ర లేదు, చెల్లదు" అన్నాడు. నేను ముందే పాతిక కాపీలు తీయించి పెట్టుకున్నాను. ఆయన చించుతున్నాడు, నేను అంటిస్తున్నాను. నాలుగో కాపీ చించేసరికి, అంతవరకు చదవనివాళ్లు కూడా ఏముందో చూద్దామని చదివారు. చివరి వాక్యం దగ్గర అందరూ ఆగిపోయారు.

ఆ మధ్యాహ్నం మిక్సింగు గదిలో పనిచేసే డ్రమ్ముల బాబాయి ఒక డ్రమ్ముని దొర్లించుకుంటూ కోత హాలు మధ్యకి తెచ్చాడు. ఇన్నేళ్లూ గోడవైపు తిప్పి పెట్టిన చీటీని మావైపు తిప్పాడు. ముట్టుకున్న తర్వాత, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలని దాని మీదే ఉంది. కంపెనీ డ్రమ్ము, కంపెనీ చీటీ. సరే, అలాగే చేద్దాం అన్నాను.

ఫ్యాక్టరీలో మేం అరవై రెండు మందిమి. కుళాయి ఒక్కటే. మర్నాడు భోజనం గంట కొట్టగానే అందరం వరసలో నిలబడ్డాం. ఒక్కొక్కరు సబ్బు రుద్ది, ఇరవై అంకెలు లెక్కపెట్టి, గోళ్లు కూడా తోమి, నింపాదిగా కడుక్కున్నారు. తోసుకోవడం లేదు, గొడవ లేదు. కడుక్కున్నవాళ్లే తిన్నారు. కత్తులు మళ్లీ తిరిగేసరికి మూడు దాటింది. "ఇదేం సమ్మె?" అని ఓనరు వచ్చాడు. "సమ్మె ఏంటి బాబూ, శుభ్రత. మీ డ్రమ్మే చెప్పింది" అన్నాను. ఏమంటాడు? చేతులు కడుక్కోవద్దని నోటితో అనలేడు కదా! రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. పరుపు ఇవ్వనన్నవాళ్లు కూడా వరసలో ఉన్నారు. అయిదో రోజు ఆరు కుళాయిలు పెట్టించాడు. తినే గది ఖాళీ చేయిస్తున్నాడు. దుమ్ము లాగే యంత్రం గురించి మాత్రం చూద్దాం చూద్దాం అంటున్నాడు.

నెలాఖరు వచ్చింది. నీకు చెప్పకుండా ఆ పని చేశాను, తిట్టకు. ఆయన కాగితం మీద సంతకం పెట్టాను. పరుపులు కుట్టింది నేనే అన్నది నిజమే కదా. కంపెనీకి తెలియకుండా అన్న మాట ఒక్కటి కొట్టేసి, కింద నా చేత్తో రాశాను. "నలభై మూడు పరుపులు కుట్టింది నేను. తప్పు నాది. నూనె కలపమన్నది ______" ఆ ఖాళీ వదిలేసి ఆయనకి పెన్ను అందించాను. "నా సంగతి నేను రాశాను. మీది మీరు పూరించండి" అన్నాను. తీసుకోలేదు. ఆ కాగితం కూడా గోడకి అంటించాను. విచిత్రం, దాన్ని మాత్రం చించలేదు. తన పేరు లేని కాగితం కదా, ఉంటే ఏం నష్టమనుకున్నాడేమో. నన్ను ఆపమని గేటు దగ్గర చెప్పాడట. మర్నాడు అరవై ఒక్క మంది నాతోపాటు గేటు బయటే నిలబడేసరికి వాచ్‌మన్ గేటుకి వేసే తాళం ఎక్కడ పెట్టానో మర్చిపోయానని తలుపు బార్లా తెరిచాడు.

ఆ రోజు నుంచి పరుపులు రావడం మొదలైంది. పరుపులుగానే ఉన్నవి, తలగడలైనవి, కుర్చీ మెత్తలైనవి. ఒకావిడ తన పరుపు మీద పడుకున్న పిల్లవాడు ఇప్పుడు తనకన్నా ఎత్తున్నాడని చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అందరికీ ఒకటే మాట చెప్పాను, క్షమించమని అడగను, కొత్తవి కుడతాను అని. వచ్చినవన్నీ ఓనరు గది తలుపు ముందు దొంతరగా పేర్చాం. సరుకు ఆయనదే కదా.

నిన్నటికి నలభై రెండు వచ్చాయి. జడ కూతురు రాలేదు. ఎదురుపడితే తల దించుకుని పోతోంది. నేనూ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

ఇవాళ పొద్దున బిడ్డని చంకనెత్తుకుని, పరుపు భుజాన వేసుకుని వచ్చింది. నా బల్ల దగ్గర ఆగింది. "పెద్దమ్మా, మా అమ్మ విచారణ కాగితం తెప్పించుకుని మూడుసార్లు చదివాను. ఎక్కడా ఒక్కరి పేరు లేదు. దానంతటదే కాలిపోయినట్టు రాశారు. నువ్వేమో ఎవరూ అడక్కుండానే తప్పు పక్కన నీ పేరు రాసుకున్నావు" అంది.

బిడ్డని నా చేతుల్లో పెట్టింది. పరుపు మాత్రం నాకివ్వలేదు. తిన్నగా ఓనరు గది దగ్గరికి వెళ్లి, దొంతర మీద పెట్టి, తలుపు తట్టింది. "ఆ ఖాళీలో ఎవరి పేరో చెప్పండి. మా అమ్మ కాగితంలో కూడా అదే ఖాళీ ఉంది" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. హాలంతా వినపడింది.

లోపల ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఉన్నాడు. తలుపు తియ్యలేదు. ముందు జడ కూతురు కింద కూర్చుంది, తర్వాత నేను, తర్వాత ఒక్కొక్కరూ. కత్తులు ఆగిపోయాయి. బిడ్డ నా ఒళ్లో నిద్రపోయింది. ఈ ఉత్తరం ఆ తలుపు ముందు కూర్చునే రాస్తున్నాను.

నీ మేనత్త